లగ్నం రేపే, మరి మిగతా ఫైళ్లో?

చిత్తూరు నుంచి బెంగళూరు హైవే పట్టుకుని పోతే, పలమనేరు ఘాటు ఎక్కకముందే బంగారుపాళ్యం తగులుతుంది. తోతాపురి మామిడికి పేరున్న ఊరు. 2025లో ధర పడిపోయినప్పుడు కిలోకు ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4, మొత్తం 12 రూపాయలు దక్కేలా చూస్తామని సర్కారు చెప్పినా మార్కెట్ యార్డు దగ్గర రైతుల గోడు ఆగలేదు. కౌండిన్య అడవుల నుంచి వచ్చే ఏనుగులు తోటల్లో పడతాయి. మొగిలి ఘాటు మలుపుల్లో ప్రమాదాలు సరేసరి. ఇలాంటి చోట పిల్లల సంరక్షణ చూసే సోషల్ వర్కర్‌కి ఉపద్రవాలకు కొదవ ఉండదు.

వాటిలో ముందు చెప్పుకోవాల్సింది బాల్యవివాహం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయింది. దేశం మొత్తం మీద అది 23.3 శాతమే.

“రేప్పొద్దున్నే పెండ్లి మేడమ్, పిల్లది తొమ్మిదో తరగతే” అంటూ పిల్లల హెల్ప్‌లైన్ 1098కి రాత్రిపూట ఒక ఫోను వస్తుంది. చేసిన వాళ్లు పేరు చెప్పరు, ఊరు మాత్రం చెబుతారు. ముందు వయసు తేల్చాలి. ఆధార్‌లో చాలామందికి పుట్టినరోజు జనవరి 1 అనే ఉంటుంది కాబట్టి దాన్ని నమ్ముకుంటే పని కాదు, స్కూలు అడ్మిషన్ రిజిస్టరు కావాలి. వేసవి సెలవులైతే హెడ్‌మాస్టరు ఊళ్లో ఉండరు, బీరువా తాళంచెవి ఆయన దగ్గరే. ఆ తర్వాత సచివాలయం మహిళా పోలీసు, ఐసీడీఎస్ సూపర్‌వైజర్, తహసీల్దారు, పోలీసు స్టేషన్ అని వరసగా ఫోన్లు. పెళ్లి పందిట్లోకి ఒంటరిగా వెళ్లకూడదని ఈ పనిలో ఉన్నవాళ్లు కొత్తవాళ్లకు మొదటే చెబుతారు.

“అప్పు చేసి సరుకులు తెచ్చినాం, బంధువులకు ఏం మొగం చూపించాల?” అని తల్లి నిలదీస్తుంది. అందులో అబద్ధమేమీ లేదు. జైలు పేరెత్తి బెదిరించే ఉద్యోగికన్నా, వంటవాళ్లకిచ్చిన అడ్వాన్సు ఎలా వెనక్కి తెచ్చుకోవాలో మాట్లాడే ఉద్యోగి మాటే అక్కడ చెల్లుతుంది.

చట్టం లేక కాదు. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం కింద మేజిస్ట్రేటు నుంచి నిషేధ ఉత్తర్వు తెచ్చుకోవచ్చు. దాన్ని కాదని తాళి కట్టినా ఆ పెళ్లి మొదటి నుంచే చెల్లదు. కాకపోతే ఇక్కడికి కర్ణాటకా దగ్గరే, తమిళనాడూ దగ్గరే. గుడి మార్చేస్తే వ్యవహారం జిల్లా అధికారుల చెయ్యి దాటిపోతుంది. కోలారు, వేలూరు వైపు అధికారుల నంబర్లు ఫోన్‌లో ముందే ఉండాలి.

పెళ్లి ఆగిందనుకుందాం. పేపర్లో చిన్న వార్త వస్తుంది. ఆ పెళ్లి వెంట తిరిగినన్ని రోజులూ ఎవరూ ముట్టుకోని ఫైళ్ల గురించి వార్త రాదు. పోక్సో కేసులో వాంగ్మూలం ఇవ్వాల్సిన పాప, తాగి కొట్టే తండ్రి దగ్గరికే తిరిగి వెళ్లిన పిల్లవాడు అలాగే ఉండిపోతారు. పిల్లల సంరక్షణకు కేంద్రం నడిపే మిషన్ వాత్సల్య పథకం లెక్కలో జిల్లా బాలల సంరక్షణ విభాగానికి ఇద్దరు సోషల్ వర్కర్లు, ఇద్దరు ఔట్‌రీచ్ వర్కర్లు. జిల్లా మొత్తానికీ అంతే.

ఇది మన దగ్గరి బాధే కాదు. 2000 ఫిబ్రవరిలో లండన్‌లో విక్టోరియా క్లింబీ అనే ఎనిమిదేళ్ల పాప, సాకుతున్న వాళ్ల చేతుల్లోనే చిత్రహింసలకు గురై చనిపోయింది. లార్డ్ లామింగ్ విచారణలో తేలిందేమిటంటే, ఆమె ఫైలు చూసిన సోషల్ వర్కర్ చేతిలో 19 కేసులున్నాయి. ఆ ఆఫీసు పెట్టుకున్న హద్దు 12.

అసలు ‘అనుకోనివి’ అనుకునే వాటిలో సగానికి పంచాంగం ఉంది. వైశాఖ, జ్యేష్ఠాల్లో ముహూర్తాలు, టెన్త్ రిజల్ట్స్, కోతల వేళకు అప్పులవాళ్ల ఒత్తిడి ఏటా వచ్చేవే. సెలవులివ్వకముందే తొమ్మిది, పది చదివే ఆడపిల్లల పుట్టిన తేదీలు నకలు రాసుకుంటే ఆ రాత్రి బీరువా తాళంచెవి కోసం తిరగక్కర్లేదు. ఫైళ్లను తేదీల వరసన కాక, ఈ వారం చూడకపోతే ఎవరికి ప్రాణాపాయం అన్న వరసన పేర్చుకోవాలి. ప్రతి ఫైలు పైన రెండు వాక్యాల్లో ప్రస్తుత పరిస్థితి రాసి ఉంటే, పక్క సీటు ఉద్యోగి అయినా ఆ పూట వెళ్లి చూసి రాగలరు. వారంలో ఒక పూట ఏ పనీ పెట్టుకోకుండా ఖాళీగా ఉంచమంటే పై అధికారులకు అది సోమరితనంలా కనిపిస్తుంది, అదే చిక్కు.

పంచాంగం లేనివీ ఉన్నాయి. 2024 సెప్టెంబర్ 13న మొగిలి ఘాటులో ఆర్టీసీ బస్సు, లారీ ఢీకొని పలువురు చనిపోయారు. అలాంటి ప్రమాదంలో ఒక ఇంటి పెద్ద పోతే, పిల్లలు ఈ రాత్రి ఎవరి దగ్గర పడుకుంటారన్నదే మొదటి ప్రశ్న. ఎవరూ లేరంటే 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందుకు తీసుకెళ్లాలి. అవ్వో మేనమామో ఉంటే నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్‌కు దరఖాస్తు పెట్టించవచ్చు. దానికి మరణ ధ్రువపత్రం, ఆదాయ పత్రం, బ్యాంకు ఖాతా కావాలి, ఆ పైన స్పాన్సర్‌షిప్ మంజూరు చేసే కమిటీ ఆమోదించాలి. అంతవరకు బియ్యానికీ బడి ఖర్చుకూ ఎవరిని అడగాలో ఆ వారంలోనే తేల్చుకోవాల్సింది కూడా ఆ సోషల్ వర్కరే.