మీకు తెలుసా? చూపు పోయినా కుక్క ఇల్లంతా తిరుగుతుంది

చూపు పూర్తిగా పోయిన కుక్క కూడా సొంత ఇంట్లో దేనికీ తగలకుండా తిరగగలదు. వాసన, చెవులు, అలవాటైన దారి దానికి చాలు. సోఫా పక్కకు జరిపిన రోజునో, కొత్త ఇంటికి మారినప్పుడో విషయం బయటపడుతుంది.

ఇంట్లోనే ఓ పరీక్ష చేయొచ్చు. కుక్క ముఖానికి కాస్త దూరంగా, పైనుంచి దూది ఉండను వదలండి. పడితే చప్పుడు కాదు, వాసనా ఉండదు. కళ్లు దాని వెంట కదిలాయంటే చూపు ఉన్నట్టే. రెండు మూడు సార్లకే కుక్కకు ఆసక్తి పోతుంది కాబట్టి మొదటిసారే జాగ్రత్తగా గమనించండి. కళ్ల ముందు చెయ్యి ఊపి చూడటాన్ని నమ్మలేం. గాలి తగిలినా అది రెప్ప వేస్తుంది. ఒక్కో కన్ను మూసి విడివిడిగా చూడాలి. తర్వాత లైటు తగ్గించి మళ్లీ చేయండి. లాబ్రడార్ వంటి జాతుల్లో వంశపారంపర్యంగా వచ్చే రెటీనా క్షీణతలో ముందు పోయేది రాత్రి చూపే.

వయసు మళ్లిన కుక్క కళ్లలో కనిపించే నీలిఛాయ చాలావరకు కటకం గట్టిపడటమే, భయం లేదు. తెల్లగా ఉంటే శుక్లం కావచ్చు. మధుమేహమున్న కుక్కల్లో అది త్వరగా ముదురుతుంది.

కన్ను ఎర్రబడి, ఉబ్బి, నొప్పితో మూసుకుంటుంటే అది గ్లాకోమా కావచ్చు. తెల్లారేదాకా ఆగకండి, వెంటనే పశువైద్యుడికి చూపించండి.