88వ గడి

జహీరాబాద్ బడిలో పాత కంప్యూటర్ విప్పి చూపిస్తే పిల్లల ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "సార్, ఇది ఏ కంపెనీది?" డబ్బా మీద ఒక పేరు, ప్రాసెసర్ మీద ఇంకోటి, డిస్కు మీద మరొకటి. మహీంద్రా ఫ్యాక్టరీ ఉన్న ఊరి పిల్లలు మరి! విడిభాగాలు ఎవరు పంపినా ట్రాక్టర్ మహీంద్రాదే. కంప్యూటర్ల దగ్గర ఆ లెక్క తలకిందులైంది. అందుకు కారణం 8 కిలోబైట్ల ప్రోగ్రాం.

1981లో ఐబీఎం తన పీసీని హడావుడిగా తయారుచేసింది. ప్రాసెసర్ ఇంటెల్‌ది, ఆపరేటింగ్ సిస్టం మైక్రోసాఫ్ట్‌ది. ఒక్కరినే నమ్ముకోవడం ఇష్టంలేక, అదే చిప్‌ను ఏఎండీ అనే మరో కంపెనీ కూడా చేసేలా ఇంటెల్‌ను ఒప్పించింది. తనకంటూ ఉంచుకున్నది బయోస్ అనే ఆ 8 కిలోబైట్ల ప్రోగ్రాం.

దీని పనితీరు నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. ప్రోగ్రాంకు కీబోర్డు నుంచి ఒక అక్షరం కావాలి. ఆ కీబోర్డు ఎవరు చేశారో, ఎక్కడ తగిలించారో దానికి తెలియదు. 22వ ఇంటరప్ట్‌ను, అంటే 22వ నంబరు సేవను, పిలుస్తుంది, అంతే. ప్రాసెసర్ 22ను 4తో గుణించి మెమరీలో 88వ గడికి వెళ్తుంది. అక్కడి నాలుగు బైట్లలో ఒక చిరునామా ఉంటుంది. ఆ చిరునామాలో అక్షరం తెచ్చిచ్చే బయోస్ కోడ్ ఉంటుంది. తెరకు 16, డిస్కుకు 19. ఇలాంటి చిరునామాలు 256, పట్టిక మొత్తం సరిగ్గా ఒక కిలోబైటు. జవాబు సరిగా వస్తే చాలు, వెనక కోడ్ ఎవరు రాశారో ప్రోగ్రాంకు పట్టదు. అదే 1960ల్లో అయితే ఒక కంపెనీ యంత్రానికి రాసిన ప్రోగ్రాం మరో కంపెనీ యంత్రంలో మామూలుగా నడిచేది కాదు.

కాంపాక్ అనే కంపెనీ పట్టుకున్న కిటుకు ఇదే. ఐబీఎం బయోస్ కోడంతా పుస్తకంలో అచ్చువేసింది. చదవొచ్చు, కాపీ కొడితే మాత్రం కేసు. కాంపాక్ మనుషుల్లో కొందరు దాన్ని చదివి, ఏ నంబరుకు ఏ జవాబు రావాలో మాత్రమే రాసిచ్చారు. ఆ కోడ్ ఎన్నడూ చూడని మరికొందరు సొంత కోడ్ రాశారు. ఇంత తెలివిగా, ఇంత చట్టబద్ధంగా జరిగిన నకలు నాకు ఇంకోటి తెలియదు! 1983లో కాంపాక్ అమ్మకాలు 11 కోట్ల డాలర్లు దాటాయి.

ఆ తర్వాత అంతా గబగబా జరిగిపోయింది. 1984లో ఫీనిక్స్ అనే కంపెనీ అలాంటి బయోస్‌నే కొనేవారందరికీ అమ్మకానికి పెట్టింది. భాగాలు కొని ఎవరైనా బిగించొచ్చు. అందరి డబ్బా ఒకటే అయ్యాక పోటీ ధర మీదే. బిగించేవాడి మార్జిన్ కరిగింది, నకలుకు లొంగని ఇంటెల్, మైక్రోసాఫ్ట్‌ల లాభం పెరిగింది. 386 ప్రాసెసర్ వచ్చేసరికి ఇంటెల్ ఏఎండీకి హక్కు ఇవ్వనంది. ఆ కోర్టు గొడవలు 1995లో రాజీతో ముగిశాయి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో బేరమాడేటప్పుడు గుర్తుంచుకోండి, ఆ దుకాణదారుడు ప్రాసెసర్ ధర తగ్గించలేడు, తన మార్జిన్‌నే తగ్గించుకోగలడు.

2002లో కాంపాక్ హెచ్‌పీలో కలిసిపోయింది. 2005లో ఐబీఎం తన పీసీ వ్యాపారాన్ని లెనోవోకు అమ్మేసింది.