చలిలో కాలిపోయే ఇంజన్

కెనడాలోని క్యుబెక్ రాష్ట్రంలో వాల్‌కోర్ చిన్న ఊరు. 1934 చలికాలంలో అక్కడి గ్యారేజీ మెకానిక్ జోసెఫ్-అర్మాన్ బొంబార్డియే కొడుక్కి అపెండిసైటిస్ ముదిరింది. పిల్లవాడికి రెండేళ్లు. ఆసుపత్రికి వెళ్లే దారులన్నీ మంచుతో పూడిపోయాయి. తండ్రి తయారుచేస్తున్న మంచుబండి ఇంకా కదిలే స్థితికి రాలేదు. బిడ్డ దక్కలేదు.

అప్పటికే ఆయనకు మంచు మీద బండి నడపాలన్న పిచ్చి పన్నెండేళ్లుగా ఉంది. 1922లో, పదిహేనేళ్ల వయసులో, పాత ఫోర్డ్ ఇంజన్‌కు విమానం పంకా లాంటిది తగిలించి స్లెడ్జిని పరుగెత్తించాడు. ఆ పంకా గాలిని తోసింది కానీ మంచును పట్టుకోలేదు. మెత్తటి మంచులో మామూలు చక్రం తిరిగేకొద్దీ తన గొయ్యి తనే తవ్వుకుంటుంది. దమ్ము మడిలోకి దిగే ట్రాక్టరుకు కేజ్ వీల్స్ ఎందుకు బిగిస్తారో తెలిసినవాళ్లకు ఈ చిక్కు విడమరిచి చెప్పనక్కర్లేదు. బొంబార్డియే చక్రాన్ని వదిలేసి, రబ్బరు పూత ఉన్న పళ్లచక్రంతో తిరిగే పట్టాను ఎంచుకున్నాడు. 1937లో దానికి పేటెంటు వచ్చింది. అదే పద్ధతిలో ఏడుగురు కూర్చునే ‘బి7’ తయారైంది. ఇలాంటి బండ్లు డాక్టర్లకు, తపాలాకు, బడిపిల్లలకు చలికాలపు వాహనాలయ్యాయి.

తర్వాత దెబ్బ ప్రభుత్వం వైపు నుంచి వచ్చింది. 1948లో క్యుబెక్ ప్రభుత్వం పల్లె రోడ్ల మీద కూడా మంచు తీయించాలని నిర్ణయించడంతో పెద్ద మంచుబండ్లకు గిరాకీ పడిపోయింది. ఒకరిద్దరు ఎక్కే తేలికబండి, 1959 నాటి ‘స్కీ-డూ’, ఆ తర్వాతి ప్రయత్నాల్లోంచి వచ్చింది. అతుకులేని వెడల్పాటి రబ్బరు పట్టా, ముందు రెండు స్కీలు, 7 హార్స్‌పవర్ ఇంజన్. మొదటి ఏడాది 225 బండ్లు అమ్ముడుపోయాయి. 1968లో రాల్ఫ్ ప్లేస్టెడ్ బృందం స్కీ-డూల మీదే ఉత్తర ధ్రువానికి చేరింది.

మొదటి బండ్లలో ఫోర్-స్ట్రోక్ ఇంజన్ ఉండేది. త్వరలోనే ఆస్ట్రియా నుంచి రోటాక్స్ టూ-స్ట్రోక్‌లు వచ్చాయి. బరువు తక్కువ, ఊపు ఎక్కువ, విప్పి చూస్తే వాల్వులే ఉండవు. వాటితోపాటు ట్యూనింగ్ తలనొప్పి కూడా వచ్చింది.

సున్నా డిగ్రీల గాలికన్నా మైనస్ 40లో గాలి దాదాపు 17 శాతం చిక్కగా ఉంటుంది. ఎత్తుకు పోతే దీనికి తలకిందులు: 3,000 మీటర్ల దగ్గర గాలి సముద్రమట్టంతో పోలిస్తే సుమారు నాలుగో వంతు పలచన. కార్బొరేటర్ ఈ తేడాను పూర్తిగా సర్దలేదు. చలి పెరిగితే లోపలికి వెళ్లే గాలి బరువు పెరుగుతుంది, పెట్రోలు మాత్రం ఆ పాళ్లలో పెరగదు. దాంతో మిశ్రమం పలచబడుతుంది. టూ-స్ట్రోక్‌లో పిస్టన్‌ను చల్లబరచడంలో పెట్రోలుకూ వాటా ఉంది. అది చాలకపోతే గడ్డకట్టిన సరస్సు మీద ఫుల్ థ్రాటిల్‌లో పోతున్న బండికి పిస్టన్ పట్టేయవచ్చు, తలమీద చిల్లు పడవచ్చు. ఏడాదిలోకెల్లా చలి ఎక్కువైన రోజునే ఇంజన్ వేడికి కరిగిపోవడం ఈ యంత్రం కథలో వింత మలుపు.

అందుకే ఆ బండ్ల వాళ్ల జేబులో జెట్లు, అంటే కార్బొరేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే చిన్న రంధ్రపు ముక్కలు, ఉండేవి. 1970ల్లో వ్యాపించిన జపాన్ మికుని కార్బొరేటర్‌లో ఐడిల్‌కు పైలట్ జెట్, థ్రాటిల్ కొద్దిగా తెరిచినప్పుడు స్లైడు కోత, మధ్యలో సూది, ముప్పావు దాటాక మెయిన్ జెట్ పని చూస్తాయి. సూది మీది క్లిప్పును ఒక గాడి కిందికి జరిపితే సూది పైకి లేచి పెట్రోలు ఎక్కువ వస్తుంది. మన దగ్గర ఆర్‌ఎక్స్ 100 విప్పి బిగించిన మెకానిక్‌కు ఇవేవీ కొత్త కాదు, ఆ బండిలోదీ ఈ కుటుంబపు కార్బొరేటరే. కాకపోతే విజయవాడలో జనవరి తెల్లవారుజాముకూ మే మధ్యాహ్నానికీ ఉన్నంత తేడా అమెరికాలోని మిన్నెసోటా ఉత్తరాన ఒక్క వారంలోనే రావచ్చు. సముద్రమట్టానికి సరిపడే జెట్టు ఉన్న బండిని 2,650 మీటర్ల ఎత్తున్న గుల్మార్గ్‌కు తెస్తే అది పొగ కక్కి, ప్లగ్గుకు మసి పట్టిస్తుంది.

జెట్టు కుదిరిందో లేదో ప్లగ్గు చెప్తుంది. కొంతదూరం ఫుల్ థ్రాటిల్‌లో పోయి, ఇంజన్ అక్కడికక్కడే ఆపి ప్లగ్గు విప్పాలి. కొన గోధుమరంగులో ఉంటే సరి, సున్నంలా తెల్లబారితే ప్రమాదం, మసి పట్టితే పెట్రోలు దండగ.

ఇక పట్టా. పట్టు కోసం దానికి మేకులు ఎన్ని కొట్టించాలనేది చాలామంది మొదట అడిగే ప్రశ్న. బండి ఎక్కడ తిరుగుతుందన్నది దానికన్నా ముందు తేల్చుకోవాలి. లోతైన పొడిమంచులో రెండున్నర, మూడంగుళాల రబ్బరు పళ్లున్న పొడవాటి పట్టా కావాలి. అక్కడ మేకులకు కరుచుకోవడానికి ఏమీ దొరకదు, బరువు మాత్రం మిగులుతుంది. ఐసు మీద, గట్టిపడిన దారి మీద వాటి విలువ తెలుస్తుంది. కార్బైడ్ మొన ఉన్న ఉక్కు మేకు రబ్బరు పంటికన్నా ఆరు నుంచి తొమ్మిది మిల్లీమీటర్లు పైకి ఉంటే చాలు. ఒక పట్టాకు 96, 144 మేకులు మామూలుగా వినపడే లెక్కలు. మేకులు పెట్టేముందు బండి అడుగుభాగానికి రక్షణ పట్టీలు వేయకపోతే అవి పైనున్న రేడియేటర్‌ను చీల్చేస్తాయి.

పట్టాకు మేకులు పెట్టి స్కీలను అలాగే వదిలేయడం ఇంకో పొరపాటు. వెనక పట్టు పెరిగి ముందు పెరగకపోతే హ్యాండిల్ తిప్పినా బండి నేరుగా పోతుంది. స్కీల కింద కూడా కార్బైడ్ పట్టీలు ఉండాలి. ఉత్త ఐసు మీద ఇంకో ఇబ్బంది ఉంది. పట్టా లోపలి ప్లాస్టిక్ పట్టీలను చల్లబరిచేది ఎగిరిపడే మంచుపొడే. అది లేకపోతే అవి వేడెక్కి అరిగిపోతాయి. ఐసును గీకి పొడి లేపే స్ప్రింగు కడ్డీలను అందుకే బిగిస్తారు.

ఇప్పటి కొత్త బండ్లలో సెన్సార్లే గాలి వేడినీ పీడనాన్నీ కొలిచి పెట్రోలు చిమ్మిస్తాయి, జెట్ల పెట్టె అక్కర్లేదు. విస్కాన్సిన్‌లోని ఈగిల్ రివర్‌లో 1964 నుంచి జరిగే ఐసు రేసుల్లో మాత్రం పాత కార్బొరేటర్ బండ్లకు ప్రత్యేక పోటీలు ఉన్నాయి. అరమైలు వలయంలో మలుపులన్నీ ఎడమవైపే. మేకు మొన మొద్దుబారితే ఆ మలుపులోనే బండి జారుతుంది కాబట్టి, మెయిన్ జెట్ ఏది వేయాలో థర్మామీటర్ చూసి తేల్చాక మేకులనూ ఒక్కొక్కటిగా తడిమి చూడాల్సిందే.