క్రొత్త గుఱ్ఱము – పదునొకండవ కుప్ప

ఇంగ్లండు మొదలగు శీతలదేశములందు పలువురి గుఱ్ఱములు శీతకాలమున నొక్క బీడునందే మేయుట కలదు. అట్టి మందలోనికి క్రొత్త గుఱ్ఱమును చేర్చు విధమును చదివినప్పుడు మాకు మన యుమ్మడి కుటుంబములు స్మరణకు వచ్చినవి.

గుఱ్ఱముల మందలో పెద్దఱికపు వరుస యుండును. క్రొత్తదానిని ఒక్కమాఱుగా లోనికి విడిచినచో పాతవి తఱిమి తన్నును. కాలు విఱుగుట గుఱ్ఱమునకు పెక్కుసార్లు ప్రాణాంతకము. కావున తెలిసినవారు తొందరపడరు.

మొదట సుమారు 3 వారములు దానిని వేఱుగా నుంచెదరు. దవడక్రింది గ్రంథులు వాచు అంటువ్యాధి యున్నచో సాధారణముగా నీలోపల బయటపడును. పిమ్మట కంచె కీవల దానిని, ఆవల మందను నుంచి, కొన్నిదినములు వాసన చూచుకొననిత్తురు. తరువాత సాధువైన యొక గుఱ్ఱముతో జతచేసి, వెనుకకాళ్ల లాడములు తీసి, తుదకు పగటివేళ మందలో విడుతురు.

అంతటితో తీరదు. వేడిమి సెంటిగ్రేడు 5 డిగ్రీలకు దిగినచో పచ్చిక పెరుగుట దాదాపుగా నిలిచిపోవును, ఎండుగడ్డియే యాధారము. అది కడుపులో పులిసి జీర్ణమగునపుడు పుట్టు వేడియే గుఱ్ఱమును చలినుండి కాపాడును. బలముగలవి కుప్పల నాక్రమించినచో క్రొత్తది యాకలితో వడకుచు దూరమున నిలుచును. అందుచే 10 గుఱ్ఱములకు 11 కుప్పలు ఎడమెడముగా వేయుదురు. తఱుమబడినదానికి మఱియొక కుప్ప యెప్పుడును మిగిలియుండును.

ఆ పదునొకండవ కుప్పను గూర్చి మేము తఱచు తలంచుచుందుము. క్రొత్తకోడలు వచ్చిన యింట జగడములు పెక్కు స్వభావదోషమువలన గాక, చోటు చాలమివలననే పుట్టుచున్నవేమో!