క్రీడావ్యాఖ్యాన వృత్తి – విద్యార్థి నడువవలసిన త్రోవ

"నీవు పెద్దవాడవై యేమి కాగోరుచున్నావు?" అను వ్యాసమునకు పూర్వము మన విద్యార్థులు డాక్టరనియు, ఇంజనీరనియు, ఉపాధ్యాయుడనియు వ్రాయుచుండెడివారు. ఇటీవల తరగతికొకరిద్దరు "క్రికెట్టు వ్యాఖ్యాత" అని వ్రాయుచున్నారు. ఆ మాట విని తలిదండ్రులలో కొందఱు నవ్వుదురు, కొందఱు కోపింతురు. నవ్వుటకును కోపించుటకును ముందు ఆ వృత్తి యెట్టిదో, దానికి త్రోవ యెచ్చట మొదలగునో తెలిసికొనుట యుక్తము. అందులకే యీ వ్యాసము.

ఆట జరుగుచుండగా, చూడలేనివారికి కనబడునట్లును, చూచుచున్నవారికి బోధపడునట్లును మాటలతో చెప్పుటయే క్రీడావ్యాఖ్యానము. ఈ విద్య పుట్టి నూఱేండ్లకంటె మిక్కిలి యెక్కువ కాలేదు. 1921 ఏప్రిలు 11వ తేదీన అమెరికాలోని పిట్స్‌బర్గు రేడియో కేంద్రము ఒక ముష్టియుద్ధమును జరుగుచున్నది జరుగుచున్నట్లే వినిపించెను. 1927 జనవరి 15న లండను సమీపమున ట్వికెన్‌హాములో ఇంగ్లండు, వేల్సు జట్లు రగ్బీ ఆడుచుండగా బి.బి.సి. తరపున వేకెలాము అను నాతడు వ్యాఖ్యానించెను. అతనికి ముందు మార్గదర్శి యెవడును లేడు. అప్పుడు నిర్మాత యొక యుపాయము చేసెను: ఒక అంధుని దెచ్చి వేకెలాము చెంత కూర్చుండబెట్టి, "ఈయనకు ఆటను చెప్పుము" అనెను. వేలకొలది శ్రోతలను తలంచి బెదరక, ఎదుటనున్న ఒక్క మనుష్యునికి చెప్పుటవలన ఆ పని నెఱవేఱెను. ఆ దినములలో రేడియో పత్రిక మైదానపు పటమును గళ్లుగా విభజించి, సంఖ్యలు వేసి ముద్రించెడిది. బంతి యే గడిలో నున్నదో ఆ సంఖ్యను వేఱొకడు ప్రక్కనుండి చెప్పుచుండెను. ఈ రెండు సంగతులను విద్యార్థి జ్ఞాపకముంచుకొనవలెను. వీనిని మరల ప్రస్తావింతును.

మన దేశమున 1934లో బొంబాయిలో తల్యార్‌ఖాను క్రికెట్టు వ్యాఖ్యానమునకు శ్రీకారము చుట్టెను. 1936లో ఇంగ్లండునకు వెళ్లిన భారతజట్టు నాయకుడు, విజయనగర రాజవంశీయుడు విజయానంద గజపతిరాజు, తరువాతికాలమున రేడియో వ్యాఖ్యాత యయ్యెను. బాలికలకు ఒక ముఖ్యవిషయము: మన దేశపు తొలి మహిళా వ్యాఖ్యాత తెలుగు కుటుంబమునకు చెందినదే. భారతదేశపు ప్రథమ టెస్టు నాయకుడగు సి.కె. నాయుడుగారి కుమార్తె చంద్రానాయుడు 1977లో ఇందూరులో మైకు ముందు కూర్చుండెను. ఆమె కళాశాలలో ఆంగ్లోపన్యాసకురాలు కూడ. మన నగరమున క్రీడాకారిణిగా ఎదిగిన మిథాలీరాజ్ 2022లో ఆట విరమించి వ్యాఖ్యానమునకు వచ్చెను.

హైదరాబాదు ఈ విషయమున ఎవ్వరికిని తీసిపోదు. 1935లో నిజాము ప్రభుత్వము చేపట్టిన దక్కను రేడియో, 1950లో ఆకాశవాణిలో జేరెను. 1955లో ఫతేమైదానమున జరిగిన తొలి టెస్టులో పాలీ ఉమ్రీగరు న్యూజీలాండుపై 223 పరుగులు చేసెను. భారతీయుడు టెస్టులో చేసిన మొదటి ద్విశతక మదియే. ఇట్టి ఆటలు చూచిన నగరమున ఆటను గూర్చి మాటాడువారికి కొదువ యుండునా?

అట్లు మాటాడి లోకప్రసిద్ధుడైనవాడు హర్షా భోగ్లే. 1961లో మన నగరముననే జన్మించెను. తలిదండ్రులిరువురును ఆచార్యులు. బేగంపేటలోని పబ్లిక్ స్కూలులో చదివి, ఉస్మానియా విశ్వవిద్యాలయమున రసాయన ఇంజనీరింగు పూర్తిచేసి, పిమ్మట అహమ్మదాబాదులో మేనేజిమెంటు చదివెను. స్థానిక లీగులో క్రికెట్టాడెను గాని దేశపు జట్టులో ఆడలేదు. పందొమ్మిదేండ్ల ప్రాయమున, ఇంకను విద్యార్థిగా నుండగనే, హైదరాబాదు ఆకాశవాణిలో వ్యాఖ్యానము మొదలిడెను. 1991-92లో భారతజట్టు ఆస్ట్రేలియాకు వెళ్లినప్పుడు ఆ దేశపు రేడియో సంస్థ ఆయనను ఆహ్వానించెను; అట్టి ఆహ్వానము పొందిన తొలి భారతీయుడాయనయే.

ఈ చరిత్రలో మూడు సంగతులు గమనింపుడు. ఒకటి, ఆయన ఆటకొఱకు చదువు మానలేదు; చదువుకొఱకు ఆటను మానలేదు. రెండు, మొదటి మెట్టు సొంత ఊరి రేడియో కేంద్రమే. మూడు, పెద్ద ఆటగాడు కానివానికిని ఈ పనిలో స్థానమున్నది. అయితే ఆ స్థానము ఇఱుకైనది. వ్యాఖ్యాతలలో రెండు తెగలు గలవు: జరిగినదానిని జరిగినట్లు చెప్పువాడొకడు, అది యేల జరిగెనో వివరించువాడొకడు. రెండవ పీఠము సాధారణముగా మాజీ క్రీడాకారులదే. మన వెంకటపతిరాజువంటి వారు తెలుగులో చేయుచున్నది ఆ పనియే. తక్కినవారు మొదటిదానికే యత్నింపవలెను.

ఆ పనికి వలయు గుణములేవి? మంచి గొంతు ముఖ్యమని పలువురు తలంతురు. గొంతుకంటె కన్ను ముఖ్యము. బంతి యెటు పోయినది, దాని వెనుక పరుగెత్తినవాడెవడు, మైదానమున నిలిచినవారిలో చోటు మారినవాడెవడు అని చూడనివానికి చెప్పుటకేముండును? రేడియో వ్యాఖ్యాత లెక్కను మాటిమాటికి చెప్పవలెను; ఏలయన ఆ నిమిషముననే రేడియో త్రిప్పినవాడు ఒకడు తప్పక యుండును. టెలివిజనులో ఇందుకు విరుద్ధము. కనబడుదానినే మరల చెప్పినచో శ్రోతకు విసుగు. ఆస్ట్రేలియా నాయకుడై, పిమ్మట గొప్ప వ్యాఖ్యాతయైన రిచీ బెనో, చిత్రమునకు చేర్పదగిన దేమియు లేనప్పుడు ఊరకుండుటయే మేలని భావించెను.

ఇక అభ్యాసము. దీనికి రూపాయి ఖర్చు లేదు. కుతుబ్‌షాహీ మైదానమునకో, మన పాఠశాల ఆటస్థలమునకో పొండు. ఒక కాగితముపై మైదానమును గీచి, ఎనిమిది గళ్లుగా చేసి సంఖ్యలు వేయుడు. స్నేహితుని ఆటకు వీపు త్రిప్పి కూర్చుండబెట్టుడు. మీరు ఆట చెప్పుచుండగా అతడు బంతి యున్న గడిలో గులకరాయి పెట్టవలెను. ఆ గడుల సంఖ్యలను మూడవవాడు ఆట చూచి వ్రాయవలెను. రాయి తప్పుగడిలో పడినచో తప్పు వినువానిది కాదు, చెప్పువానిది. పిదప ఫోనులో మీ మాట పట్టి వినుడు. చెడుగుడులో కూతకు వెళ్లినవానికి 30 సెకనులే గడువు. ఆ స్వల్పకాలములో ఎవడు, ఎవనిని, ఎచ్చట తాకెనో చెప్పగలిగినవాడు క్రికెట్టును సులభముగా చెప్పగలడు.

భాషను గూర్చి ఒక మాట. ఇంటిలో ఉర్దూ, వీథిలో దక్కనీ, తరగతిలో తెలుగు, పుస్తకములో ఆంగ్లము – ఇది మన పాతబస్తీ బాలురకు భారమని కొందఱందురు. ఈ వృత్తిలో అదియే సొత్తు. 2018 చివర తెలుగులో ప్రత్యేక క్రీడా ఛానెలు వెలసెను. నేడు పెద్ద ఆటలు పలుభాషలలో వినబడుచున్నవి. అయితే నేను వ్రాయుచున్న యీ గ్రాంథికము మైదానమున పనికిరాదు. వికెట్టును వికెట్టనియే, ఓవరును ఓవరనియే అనుడు. వాక్యము మాత్రము మీ నాయనమ్మకు బోధపడు తెలుగై యుండవలెను. పరదేశపు ఆటగాని పేరును అతడు పలుకునట్లు పలుకుట మర్యాద.

చదువు మాటకు వచ్చినచో, ఇంటర్మీడియెటు పిమ్మట ఏ డిగ్రీయైనను చేయవచ్చును. జర్నలిజము కోరువారికి ఉస్మానియాలో 1954నుండి ఆ శాఖ గలదు. ఉర్దూ మాధ్యమమువారికి గచ్చిబౌలిలోని మౌలానా ఆజాదు విశ్వవిద్యాలయము గలదు. ఆకాశవాణిలో ప్రవేశము గొంతు పరీక్ష ద్వారా జరుగును. పాఠశాల క్రీడోత్సవమున మైకు పట్టుట, ఆటను గూర్చి గోడపత్రికకు వ్రాయుట – ఇవి ఇప్పుడే చేయదగినవి.

కష్టములు దాచి చెప్పుట ఉపాధ్యాయునికి తగదు. క్రికెట్టు ఆటలో ఇరువది యిద్దఱు ఆడుదురు. ఒక భాషలో దానిని చెప్పువారు కొలదిమందియే. మఱియు నెలజీతపు భద్రత ఇందు అరుదు. అంతటి భోగ్లే పేరును 2016లో ఐ.పి.ఎల్. పట్టికనుండి తొలగించిరి; కారణము తనకెవ్వరును చెప్పలేదని ఆయన తెలిపెను. తరువాత ఆయన మరల వచ్చెను. వచ్చువఱకు నిలువబడుటకు ఆయనకు కలము, చదువు రెండును ఉన్నవి. కావున తలిదండ్రులు "ముందు డిగ్రీ పూర్తిచేయుము" అన్నచో వారు మీ ఆశకు శత్రువులు కారు. వ్యాఖ్యాత పీఠము దొరకకున్నను, లెక్క వ్రాయువాడు, నిర్మాత, విలేఖరి, ధ్వని పరికరములు చూచువాడు – వీరందఱును ఆ ప్రసారమున పనివారే. ఆ పనులు మాన్యములే.

కడపట ఒక విషయము. మన నగరమున వేర్వేరు మతములవారు ఒకే రేడియో చుట్టు గూడి ఆట వినెడివారు. నేడు ఒకే ఫోనుపై వంగి చూచుచున్నారు. వ్యాఖ్యాత నోట ఒక్క పక్షపాతపు మాట వెడలినచో అది వారి నడుమ గీటు గీయును. ఓడినవానిని ఎగతాళి చేయక, గెలిచినవాని కులమతముల నెన్నక, చూచినదానిని చూచినట్లు చెప్పుట సాక్షి ధర్మము. విద్యార్థులారా, మీ మాటను నమ్మి కన్నులు లేనివాడొకడు ఎదుట కూర్చున్నాడని తలంపుడు. అతనితో అబద్ధమాడకుడు. ఆ శీలము మీకలవడినచో, మైకు దొరికినను దొరకకున్నను మీ చదువు సార్థకమగును.