మీకు తెలుసా? రెండు బొమ్మలు కలిస్తేనే ఫోకస్!

ఫిల్మ్ కెమెరా ప్రియులు నేటికీ ఏరికోరి కొనుక్కునేది రేంజ్‌ఫైండర్ కెమెరా. అందులో ఏది ఎంచుకోవాలన్నా ముందు ఈ సంగతులు తెలియాలి.

• వ్యూఫైండర్ మధ్యలో దృశ్యం రెండుగా కనిపిస్తుంది. లెన్స్ రింగు తిప్పి రెండింటినీ కలిపితే ఫోకస్ కుదిరినట్టే. పాత కెమెరా కొనేటప్పుడు దూరపు వస్తువుపై ఈ కలయిక సరిగ్గా ఉందో లేదో చూడాలి.

• ఎస్ఎల్ఆర్ కెమెరాలో మాదిరి పైకి లేచే అద్దం ఇందులో లేదు. అందుకే చప్పుడు తక్కువ. మన చూపు లెన్స్‌లోంచి పోదు కాబట్టి, లెన్స్ మూత తీయడం మరిచినా దృశ్యం చక్కగా కనిపిస్తుంది. ఫిల్మ్‌పై మాత్రం ఏమీ పడదు!

• జర్మనీలో లైకా 2, కాంటాక్స్ రేంజ్‌ఫైండర్లు రెండూ 1932లోనే పోటాపోటీగా వచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక కాంటాక్స్ యంత్రాలను సోవియట్లు తరలించుకుపోయి, ‘కీవ్’ పేరుతో అవే కెమెరాలు చేశారు.

• లైకా 2కు నకలైన ‘ఫెడ్’ 1934 నుంచి ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో పెద్ద ఎత్తున తయారైంది. చేసింది అనాథ పిల్లల కోసం నడిపిన కమ్యూన్!

• 1954 నాటి లైకా ఎం3 వ్యూఫైండర్‌లో దృశ్యం 0.91 రెట్లు, అంటే దాదాపు అసలు సైజులో కనిపిస్తుంది. రెండు కళ్లూ తెరిచే ఉంచి ఫొటో తీయొచ్చు. 50 ఎంఎం లెన్స్ వాడేవారికి ఇది ప్రాణం.

• లైకాకు పెట్టేంత ఖర్చు వద్దనుకునేవారికి 1961లో మొదలైన కానన్ కానొనెట్ శ్రేణి ఉంది. దీని లెన్స్ మాత్రం మార్చలేం.

• లైకా పట్టిన ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ ఆన్రీ కార్టియే-బ్రెసాన్ 1948 జనవరి 30న, హత్యకు కొద్దిసేపటి ముందే గాంధీజీని కలిశారు. అంత్యక్రియలనూ ఆయన ఫొటోలు తీశారు.