మాత్రకు ముందే మాట్లాడాలి

రోహిణీ కార్తె ఎండల్లో ఒళ్లంతా చెమట పడితే మనకు విసుగు. లామెల్లార్ ఇక్తియోసిస్‌ అనే చర్మవ్యాధితో పుట్టిన అమ్మాయికి ఆ చెమట సరిగా పట్టదు. ఒంటినిండా పేరుకున్న గోధుమరంగు పొలుసులు చెమట నాళాలను మూసేస్తాయి. లోపలి వేడి బయటికి పోయే దారి లేక త్వరగా వడదెబ్బ తగులుతుంది. కొందరిలో చర్మం బిగుసుకుని కింది కనురెప్పలు వెలుపలికి తిరుగుతాయి. ఇది అంటువ్యాధి కాదు, జన్యులోపం. చాలామందిలో టీజీఎం1 అనే జన్యువు దెబ్బతిని ఉంటుంది. చర్మం పైపొరలో ప్రోటీన్లను గట్టిగా బిగించే ఎంజైము దీనివల్లే తయారవుతుంది. ఆ ఎంజైము లోపిస్తే చర్మంలో తేమ నిలవదు. దాన్ని కాపాడుకోవడానికి చర్మం పొర మీద పొర పేర్చుకుంటూ పోతుంది.

ఈ జన్యువును సరిచేసే చికిత్స ఇంకా వాడుకలోకి రాలేదు. రోజూ స్నానం, పెట్రోలియం జెల్లీ, యూరియా, లాక్టిక్ ఆమ్లం ఉన్న పూతలే మొదటి చికిత్స. వాటికి లొంగని తీవ్రమైన వ్యాధికి రెటినాయిడ్ మాత్రలు ఇస్తారు. అసిట్రెటిన్, ఐసోట్రెటినాయిన్ ఈ కోవలోవే. డేరియర్ వ్యాధికీ, అరిచేతులు, అరికాళ్లు దళసరిగా మారే వంశపారంపర్య కెరటోడెర్మాకూ వీటిని వాడతారు. చాలామందికి పొలుసులు పలచబడి ఎంతో హాయినిస్తాయి. మానేస్తే మాత్రం వ్యాధి తిరగబెడుతుంది. అందుకే ఏళ్ల తరబడి వాడాల్సి వస్తుంది. ఆ ఏళ్లలోనే పెళ్లి, గర్భం కూడా వస్తాయి, ఈ మందులేమో పిండానికి హాని చేస్తాయి కనుక స్త్రీల విషయంలో చికిత్స చిక్కుముడిగా మారుతుంది.

విటమిన్-ఎ తక్కువైనా, ఎక్కువైనా

రెటినాయిడ్లు విటమిన్-ఎ కుటుంబానికి చెందినవి. 1933లో అమెరికాలోని టెక్సాస్‌లో ఫ్రెడ్ హేల్ అనే శాస్త్రవేత్త ఆ విటమిన్ లేని మేతతో ఒక ఆడపందిని పెంచితే, దాని పిల్లలు కనుగుడ్లు లేకుండా పుట్టాయి. 1953లో సిడ్నీ కోలన్ గర్భంతో ఉన్న ఎలుకలకు అదే విటమిన్‌ను అతిగా ఇచ్చి చూశాడు. అప్పుడూ పిల్లలు అవకరాలతోనే పుట్టాయి. పిండంలో ఏ కణం ఏ అవయవంగా మారాలో చెప్పే సంకేతాల్లో రెటినోయిక్ ఆమ్లం ఒకటి. దాని మోతాదు తప్పితే అవయవాల రూపమే తప్పుతుంది.

ఐసోట్రెటినాయిన్ 1982లో అమెరికాలో మొటిమల మందుగా వచ్చింది. గర్భిణులకు దానివల్ల జరిగిన హానిని 1985లో ఎడ్వర్డ్ లామర్ బృందం వివరంగా ప్రచురించింది. చెవులు, ముఖం, గుండె, మెదడు, థైమస్ గ్రంథి దెబ్బతిన్న బిడ్డలు పుట్టారు. అవయవాలు రూపుదిద్దుకునేది తొలి వారాల్లోనే. నెల తప్పిందని తెలిసేసరికే ఆ దశ మొదలై ఉంటుంది.

నెలా, మూడేళ్లా?

గర్భంలో ఐసోట్రెటినాయిన్, అసిట్రెటిన్ రెండూ ప్రమాదకరమైనవే. ఒంట్లోంచి పోయే తీరులో మాత్రం తేడా ఉంది. ఐసోట్రెటినాయిన్ ఆపాక నెల రోజులు గర్భం రాకుండా చూసుకుంటే చాలు. అసిట్రెటిన్ విషయంలో ఆ గడువు మూడేళ్లు. అసిట్రెటిన్ రక్తంలో సగానికి తగ్గడానికి దాదాపు రెండు రోజులే పడుతుంది. అయితే మద్యం తోడైతే అది ఎట్రెటినేట్ అనే పాత మందుగా మారుతుంది. ఎట్రెటినేట్ కొవ్వులో చేరి, సగానికి తగ్గడానికే నాలుగు నెలల దాకా తీసుకుంటుంది. కాబట్టి ముందు ముందు బిడ్డను కనే అవకాశమున్న అమ్మాయికి మాత్ర తప్పనిసరైతే ఐసోట్రెటినాయినే మెరుగైన ఎంపిక.

మందు మొదలుపెట్టే ముందు గర్భపరీక్ష, తర్వాత నెలనెలా పరీక్ష, రెండు రకాల గర్భనిరోధక పద్ధతులు అవసరం. ప్రొజెస్టిన్ మాత్రమే ఉండే తక్కువ మోతాదు మాత్రలను అసిట్రెటిన్‌తో కలిపి నమ్ముకోకూడదు. విటమిన్-ఎ మాత్రలు అదనంగా వేసుకోకూడదు. గడువు ముగిసేదాకా రక్తదానమూ చేయకూడదు, ఆ రక్తం గర్భిణికి ఎక్కవచ్చు. గర్భం వచ్చిందన్న అనుమానం రాగానే మాత్ర ఆపి వైద్యురాలిని కలవాలి. గర్భిణిగా ఉన్నప్పుడు తేమనిచ్చే పూతలు కొనసాగించవచ్చు. సాలిసిలిక్ ఆమ్లం మాత్రం ఒంటినిండా రాయకూడదు.

మన ఇళ్లలో

పెళ్లికాని అమ్మాయిని అమ్మో, పిన్నో వెంటబెట్టుకుని వస్తే డాక్టరు గర్భం మాట ఎత్తడానికి మొహమాటపడతారు. అడగడానికి అమ్మాయీ సిగ్గుపడుతుంది. ఆరు నెలలకు సంబంధం కుదురుతుంది, పెళ్లయిన మూడో నెల నుంచే "విశేషమేమైనా ఉందా?" అని అడగడం మొదలవుతుంది. మందు గడువు గురించి భర్తకూ అత్తవారికీ ముందే తెలియకపోతే ఆ ఒత్తిడంతా ఆమె ఒక్కదానిపైనే పడుతుంది.

మేనరికం మాట కూడా దాచకూడదు. లామెల్లార్ ఇక్తియోసిస్ రావాలంటే లోపమున్న జన్యువు తల్లి నుంచీ, తండ్రి నుంచీ రావాలి. వ్యాధి ఉన్న స్త్రీ ఆ లోపం లేని వ్యక్తిని పెళ్లాడితే పిల్లలు లోపమున్న జన్యువును మోస్తారే తప్ప వాళ్లకు వ్యాధి రాదు. మేనమామనో, మేనబావనో చేసుకుంటే అతనిలోనూ అదే లోపం ఉండే అవకాశం ఎక్కువ. అలా ఉంటే ప్రతి కాన్పులో వ్యాధి వచ్చే అవకాశం సగానికి సగం. పెళ్లికి ముందే జన్యు పరీక్ష చేయించుకుంటే ఈ సంగతి తేలుతుంది.

రెటినాయిడ్లను చూసి భయపడి చికిత్సే మానుకోవడం అన్యాయం. సుఖంగా ఉండే చర్మం ఆమె హక్కు, బిడ్డ కావాలో వద్దో, ఎప్పుడు కావాలో తేల్చుకోవడమూ ఆమె హక్కే. రెండూ దక్కాలంటే చీటీ రాసేముందు డాక్టరు ఆమెతో విడిగా, సూటిగా మాట్లాడాలి. డాక్టరు అడగకపోతే మీరే అడగండి: "ఈ మందు ఆపాక ఎన్నాళ్లు గర్భం రాకూడదు?" జవాబు తెలిశాకే మొదటి మాత్ర వేసుకోండి.